కుళాయి చప్పుడు

వంటింట్లో మాటలు వినే సర్కారు పెట్టెను గోడమీంచి ఊడదీసి చూసి, మెకానిక్ విసుక్కున్నాడు.

"దీనికి అసలు వైరే కలపలేదమ్మా. ఈ ఇంట్లోంచి ఒక్క మాట కూడా బయటికి పోలేదు."

గిన్నెలు తోముతున్న ఇంటావిడకు ఒళ్లు మండింది. "నాలుగేళ్లుగా మా ఆయనా నేనూ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గుసగుసలాడుకుంటున్నామే. అదంతా దండగేనా?"

"దండగే."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "మా అన్నయ్య ఇక్కడ అన్నం తింటూ సర్కారుని తిట్టాడని పట్టుకెళ్లారు. ఆ పూట ఉన్నది మేం ముగ్గురమే."

మెకానిక్ తలొంచుకుని స్క్రూలు ఏరుకున్నాడు. బల్ల దగ్గర కూర్చున్న భర్త గబగబా వచ్చి కుళాయి తిప్పాడు.

ఆమె కట్టేసింది.

"వినేవాళ్లెవరూ లేరటగా. గట్టిగానే చెప్పండి."