గులాబీ నీళ్లు చివర్లో

అల్లుడు ఫ్రీజర్లోంచి తీసిన వోడ్కా సీసాను గ్లాసులోకి వంచాడు. చుక్క పడలేదు. లోపలంతా రాయిలా గడ్డకట్టి ఉంది.

"వోడ్కా ఇలా గడ్డకట్టదు మామయ్యా. ఇందులో ఉన్నవి నీళ్లు."

గులాబీ రేకులు తుంచుతున్న మామగారు తలెత్తలేదు.

"ఒక్క గ్లాసు తాగాను బాబూ. నువ్వు కనిపెడతావని ఒక్క గ్లాసు నీళ్లు పోశాను. ఒట్టు."

"ఒక్క గ్లాసు నీళ్లకి సీసా మొత్తం గడ్డకడుతుందా?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

ఇంతలో అత్తగారు వంటింట్లోకి వచ్చారు. మందు వాసనకే కళ్లు తిరుగుతాయనే మనిషి, గుమ్మంలోనే ముక్కు మూసుకున్నారు.

"ఏం చేస్తున్నారు ఇద్దరూ?"

"గులాబీ షర్బత్," అన్నారు మామగారు.

అల్లుడు గబగబా సీసాను వెనక్కి దాచి, నిమ్మరసం పిండిన గ్లాసులో గులాబీ నీళ్లు పోయబోయాడు. అత్తగారు ముక్కు మీది చెయ్యి తీసి గ్లాసుకి అడ్డం పెట్టారు.

"అవి చివర్లో పోయాలి బాబూ. ముందే పోస్తే వోడ్కాలో ఆ వాసనంతా చచ్చిపోతుంది."

మామగారు చేతిలోని రేకులు పళ్లెంలో పెట్టి, మెల్లగా అడిగారు.

"ఈ సంగతి నీకు ఎన్నో గ్లాసులో తెలిసిందే?"