మబ్బుందన్న మనిషి

"మబ్బుంది" అన్నాడు పెద్దాయన, నాలుగోసారి.

ఇంజనీరు కుర్చీ వెనక్కి తోసి డాబా మీదికి వెళ్లింది. తలెత్తి చూసింది. కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది ఆకాశం. పిట్ట కూడా లేదు. దడదడా మెట్లు దిగి వచ్చింది.

"ఎక్కడుంది సార్ మబ్బు?"

"తూర్పున పలచగా ఉందమ్మా. ఇంకో పది నిమిషాలు చూద్దాం."

ఆ కేంద్రంలో లేజర్ కిరణాన్ని నడిపేది ఆమె. ఆకాశాన్ని కనిపెట్టి ఉండేది ఆయన. మబ్బు అడ్డొస్తే కిరణం చెదిరిపోతుంది. విమానం అడ్డొస్తే పైలట్ కళ్లు పోతాయి. అందుకే ఆయన పుస్తకంలో 'నిర్మలం' అని రాసి, సంతకం పెట్టి, తన దగ్గరున్న తాళంచెవి తిప్పితేగాని లేజర్ మూత తెరుచుకోదు.

అంతరిక్ష నౌక వెనక గదిలో మంటలు లేచి ఐదు గంటలైంది. జరిగింది భూమికి చెప్పీ చెప్పగానే రేడియో కాలిపోయింది. ఇక్కడి మాట అక్కడికి చేరాలంటే మిగిలింది కిరణమొక్కటే. దానికీ ఇరవై రెండు నిమిషాల ప్రయాణం. వెనక గదిని విడగొట్టే కొక్కేలు భూమి నుంచి సంకేతం అందనిదే ఊడవు. పదకొండులోపు అందకపోతే ముందు గదిలోని ఐదుగురూ మిగలరు. అంటే పదీ ముప్పై ఎనిమిదికల్లా సంకేతం బయల్దేరాలి.

ఇప్పుడు పదీ ఇరవై.

పై అధికారి ఫోన్‌లో అరిచాడు. తాళం పగలగొట్టమన్నాడు. ఆ పని తెలిసిన మనిషి రావడానికే గంట పడుతుందని ఆమె చెప్పింది. అయితే ఆ ముసలాడి ఉద్యోగం ఈ పూటే ఊడగొడతానన్నాడు. ఆమె ఆ మాట ఉన్నదున్నట్టు పెద్దాయనకు చేరవేసింది.

"ఊడగొట్టమను" అన్నాడాయన, తలెత్తకుండా. ఐదోసారి 'మబ్బు' అని రాశాడు. కలం నొక్కిన నొక్కుడుకి కాగితం చిరిగింది.

ఆమె ఆ పుస్తకం లాక్కుని బల్లమీద విసిరికొట్టింది.

ముప్పై ఏళ్లుగా ఇందులో ఒక్క తప్పుడు ముక్క రాయని మనిషికి ఇవాళే దొరికిందా ముహూర్తం అని కడిగేసింది. ముందు గదిలో ఒక పిల్లకి మొన్ననే పెళ్లి కుదిరింది. ఒకాయనకు కవలలు పుట్టి నెల కాలేదు. వాళ్ల గుమ్మాల్లో నిలబడి, మబ్బు పట్టిందండీ అని మీరే చెప్పొస్తారా అని అడిగింది. గొంతు పెంచలేదు. ఒక్కో మాటా పళ్ల బిగువున వదిలింది.

ఆయన పుస్తకం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"సంకేతం నువ్వే పంపుతావా?"

"నేనే పంపుతాను. నా పని నేను చేస్తున్నాను. మీ పని మీరు చెయ్యండి."

పదీ ముప్పై ఆరు. ఆయన 'నిర్మలం' అని రాశాడు. సంతకం పెట్టాడు. తాళంచెవి తిప్పడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

పైన మూత జరిగిన చప్పుడైంది. ఆమె మీట నొక్కింది.

మంట ముందుకు పాకకుండా వెనక గది తలుపు లోపలి నుంచి బిగించి అక్కడే ఉండిపోయిన ఆరో మనిషి ఆమెకు భర్త, ఆయనకు ఒక్కగానొక్క కొడుకు.