దుర్యోధనుడు పడనన్నాడు

"గద తగిలినాది కదా, ఇంగ పడప్పా!" అన్నాడు భీముడి వేషంలో ఉన్న బయ్యన్న.

"పడను. సర్పంచి ఎలక్షన్లో గెలిచింది మా పార్టీ. ఓడిపోయినోని చేతిలో నేను సచ్చేదేంది?" దుర్యోధనుడి వేషం కట్టిన తిమ్మన్న కిరీటం సర్దుకున్నాడు.

రెండు పార్టీలవాళ్లూ కట్టెలు పట్టుకుని లేచారు. అసలు కురుక్షేత్రానికి కూడా ఇంత జనం వచ్చి ఉండరు.

తిమ్మన్న పెండ్లాం రామాంజినమ్మ జనంలోంచి అరిచింది. "దుర్యోధనుడు సస్తేనే వానొస్తాదని కదా ఊరంతా కలిసి భారతం ఆడిస్తాండేది? ఆడ శెనక్కాయ ఎండిపోతాంది!"

తిమ్మన్న ఆకాశం వైపు చూశాడు. మబ్బుతునక లేదు. తన చేనూ, పక్కనే బయ్యన్న చేనూ ఒకే మాదిరిగా మాడుతున్నాయి. చప్పున నేలమీద పడ్డాడు.

భీముడు జాలిపడి గదను మెల్లగా ఆనించాడు.

"అట్ల కాదప్పా," పళ్లు కొరికాడు రారాజు. "గట్టిగా కొట్టు. ఉత్త తుంపర యాడికి సాలుతాది?"