అరటిపండుకి ఫౌలా?

చెరువు గడ్డకట్టగానే అడవంతా కర్రలు పట్టుకుని ఐస్ హాకీకి దిగింది. ఒంటికాలి బాతు బుజ్జమ్మ కూడా ముక్కున కర్ర కరుచుకుని, పొట్ట మీద జారుతూ వచ్చేసింది.

"నువ్వు ఆటలో అరటిపండువి తల్లీ," అన్నాడు ఎలుగు మామ ముద్దుగా. అంటే ఆడొచ్చు, లెక్కలోకి మాత్రం రాదు.

బుజ్జమ్మ గోల్ కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు గానీ, ఒక్కరూ లెక్కేయలేదు. దానికి ఏడుపొచ్చింది. ఉక్రోషంగా మళ్లీ దూసుకెళ్లేసరికి, దాని కర్ర తగిలి మామ దబ్బున వెల్లకిలా పడ్డాడు.

"ఫౌల్! పో, గట్టు మీద కూర్చో!"

"అరటిపండుకి ఫౌలేంటి మామా?" కిసుక్కుమంది కుందేలు.

మామ నడుం రుద్దుకుంటూ ఆలోచించాడు. "నిజమేనే. అయితే ఇందాకటి గోలూ లెక్కే. ముందు కూర్చోమను!"

బుజ్జమ్మ గట్టెక్కి కూర్చుని, దారినపోయే ప్రతి పిట్టనీ పిలిచి మరీ చెప్పింది: "చూశావా, నన్ను ఆటలోంచి పంపించేశారు!"