మూడో పేరా

"ఈ మూడో పేరా తీసేద్దాం మాస్టారూ," అన్నాడు స్పోర్ట్స్ ఎడిటర్.

పెద్దాయన తల ఎత్తలేదు. టీ ఎప్పుడో చల్లారిపోయింది. దాన్నే తాగాడు.

"తీస్తే మొత్తం తీసెయ్యి. ఆ జాగాలో టైర్ల ప్రకటన వేసుకో."

ఎల్లుండే తొలి టెస్టు. పక్క దేశం జట్టు దిగి వారమైంది. ఈ రెండు జట్లకీ మొదట్నుంచీ ఉప్పూ నిప్పూ. సిరీస్ మొదలయ్యే ముందు పెద్దాయన ముందుమాట రాయడం ఆ పత్రికలో ఆనవాయితీ. పిచ్ ఎలా ఉంది, గాలి ఎటు వీస్తోంది, ఎవరి కాలు ఎక్కడ తడబడుతుంది, అన్నీ అందులో ఉంటాయి. పొగడ్త మాత్రం ఉండదు. ఆఫీసులో వెనకాల ఆయన్ని కాకరకాయ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఈసారి చిక్కల్లా ఓపెనర్‌తోనే. రెండేళ్ల కిందట ఇదే జట్టు మీద నాలుగుసార్లు ఒకే రకంగా అవుటయ్యాడు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతికి బ్యాట్ అందించడం, స్లిప్‌లో దొరికిపోవడం. తీసేశారు. ముప్పై మూడో ఏట ఇప్పుడు మళ్లీ పిలిచారు. ఈ టెస్టులో నిలబడకపోతే ఇక జన్మలో పిలవరు. ఆ ముక్క సెలక్టరే మొహమ్మీద చెప్పాడు.

ఆ ఓపెనర్ పెద్దాయన కొడుకు.

మూడో పేరాలో ఇలా ఉంది: 'ఆఫ్ స్టంప్ బయటి బంతి జబ్బు మన ఓపెనర్‌కు పూర్తిగా నయమైంది. అక్కడ వెయ్యడం దండగ. కానీ ఆమధ్య నెట్స్‌లో పక్కటెముకలకు దెబ్బ తగిలాక షార్ట్ బంతి అంటే వణుకు పట్టుకుంది. ఛాతీ ఎత్తుకు లేస్తే కళ్లు మూసుకుంటున్నాడు. ఇలాంటివాణ్ని దింపడం సెలక్టర్ల తప్పు.'

ఎడిటర్ గొంతు తగ్గించాడు. "అవతలి జట్టువాళ్లు మన పేపరు చదివించుకుంటారు మాస్టారూ. అందుకోసం హోటల్లో ఓ మనిషినే పెట్టుకున్నారు. మీ చేత్తో మీరే అబ్బాయి గొంతు కోస్తున్నారు."

తాను రాసేది పాఠకుల కోసమని, ఎవరు చదివించుకుంటే తనకేమని అన్నాడు పెద్దాయన. సంచీ తీసుకుని లేచాడు. మూడో పేరా అక్షరం పోకుండా అచ్చయింది.

మర్నాడు పొద్దున కోడలు ఆ పేపరు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"పరాయివాళ్లు రాస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని మావయ్యగారూ. అత్తయ్యగారే ఉంటే ఈ ఇంట్లో మీకు మంచినీళ్లు పుట్టేవి కావు."

ఆవిడ పోయి మూడేళ్లు.

"మీ అత్తయ్యకి క్రికెట్ తెలీదు," అన్నాడాయన.

కొడుకు ఒక్క పూట కోసం ఇంటికొచ్చి ఉన్నాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పడేశాడు. బ్యాట్ల సంచి భుజాన వేసుకున్నాడు. భార్య వీధి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే నిలబడి కళ్లు తుడుచుకుంది. కొడుకు వెనక్కి తిరిగి ఒకసారి తండ్రి వైపు చూశాడు. తండ్రి చూపు తిప్పుకున్నాడు.

స్టేడియంలో ప్రెస్ బాక్సుకు అరవై మెట్లు. పెద్దాయన మూడు చోట్ల ఆగి ఎక్కాడు. లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. పక్క పత్రిక విలేకరి మాత్రం ఊరుకోలేదు. తన మార్కులు చూసి వాళ్ల నాన్న సంతకం పెట్టనన్నాడట, అంతేనట, ఆ కాగితాన్ని ఊరి గోడల మీద అంటించలేదట. నలుగురు నవ్వారు. పెద్దాయన కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు.

కింద అవతలి జట్టు ఆఖరి ప్రాక్టీసు చేస్తోంది. ఆఫ్ స్టంప్ బయట ఒక ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల పెట్టుకుని, ముగ్గురు ఫాస్ట్ బౌలర్లు వరసగా దాని మీదే బంతులు వేస్తున్నారు. గురి తప్పడం లేదు.

కాసేపటికి ఒక నడివయసు మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు. అవతలి జట్టుకు పేపర్లు చదివి పెట్టేది తనేనని చెప్పుకున్నాడు.

"కోచ్ అడిగి రమ్మన్నాడు సార్. ఆ మూడో పేరా నిజమేనా? కన్నతండ్రి ఇలా రాస్తాడా అని ఆయన అనుమానం."

"మీ కోచ్‌కి కొడుకులున్నారా?"

"ఇద్దరు సార్."

"వాళ్ల లోపాలు ఆయనకి తెలీవా?"

"తెలుస్తాయి సార్. పేపర్లో వెయ్యడు కదా."

"అందుకే వాళ్లు బాగుపడరు."

ఆ మనిషి ఆ మాట కూడా రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, మీలాంటి తండ్రి పగవాడికి కూడా వద్దు సార్, అనేసి గబగబా మెట్లు దిగిపోయాడు.

పెద్దాయన చూస్తూ కూర్చున్నాడు. కింద ఆ మనిషి కోచ్ చెవిలో ఏదో చెప్పాడు. కోచ్ రెండోసారి చెప్పించుకున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నేల చూశాడు. తర్వాత నడిచి వెళ్లి, ఎర్ర బిళ్లను తీసి పిచ్ సగంలో పెట్టాడు. మొదటి బంతి బ్యాట్స్‌మన్ ఛాతీ మీదికి లేచింది. అంతా చప్పట్లు కొట్టారు.

పెద్దాయన కళ్లజోడు తీసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

కొడుక్కి ఆఫ్ స్టంప్ బయటి జబ్బు వీసమెత్తయినా తగ్గలేదు, పక్కటెముకలకు దెబ్బ ఏనాడూ తగల్లేదు, ఆ మూడో పేరా అక్షరం అక్షరం వాడు చెబుతుంటే తండ్రి రాసింది.