మందు కొట్టని తోట

శుక్రవారం ఉదయం ఏడున్నరకు పెరట్లోకి వెళ్లేసరికి, గోడ కింద ఆరు పిచ్చుకలు చచ్చి పడి ఉన్నాయి. తోటపని చేసే భోజన్నను పిలిచి నిలదీశాను.

"మందు కొట్టావా?"

"లేదమ్మా, ఒట్టు. మీరు వద్దన్నకాడికెల్లి డబ్బానే ముట్టలే."

సౌదీలోని ఖోబర్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చిన ఈ నాలుగు నెలల్లో తోటలో మందులు మాన్పించాను. పిట్టలకు నీళ్ల మూకుళ్లు పెట్టించాను. పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న ఇంటి గోడలో పాత పైపు తీసేసిన కంత ఉంది, దాని ఒక నోరు పెరట్లోకి తెరుచుకుంటుంది. అందులో పిచ్చుకలు గూడు కట్టాయని, దాన్ని సిమెంటుతో మూయనివ్వలేదు.

"మరి ఇవెలా చచ్చాయి? నసగకుండా చెప్పు."

"పక్కింటోళ్లు నిన్న బొద్దింకలకు గోలీలు పెట్టి, తలుపులు బిగించి జెద్దా పోయిండ్రమ్మా. గోదాముల ధాన్యంల పెట్టే గోలీలవి. వాటి గ్యాసు మనుషులనే చంపుతది." భోజన్న గోడవైపు చూశాడు. "ఆ కంత అటు వాళ్లింట్లకు పోతది. ఇటు మీ ఏ అర్రలకు వస్తదమ్మా?"

ఏడేళ్ల మనవరాలు చరిత గదిలోకి.

నిన్న సాయంత్రం అది రెండుసార్లు వాంతి చేసుకుంది. "తల తిరుగుతోంది నానమ్మా, నీ దగ్గర పడుకుంటా" అంది. దొంగతనంగా ఐస్‌క్రీం తిన్నదానికి ఆ మాత్రం కావాలని కసిరి, దాని గదిలోనే పడుకోబెట్టి తలుపు మూశాను.

ఇక్కడ శుక్రవారం సెలవు కదా, లేపొద్దని ఇందాకే కోడలికి చెప్పి వచ్చాను.