నోళ్ళలో నానిన చెలమ

ఆ అడవిలో ఎవరి పేరు ఎక్కువ నోళ్ళలో నానితే వాళ్ళే పండితులు. అందుకే చిలుక మహాపండితురాలు.

ఎండలకి వాగు ఎండింది. ఉడుత పిల్లలు దాహంతో సొమ్మసిల్లాయి.

"కొండవెనక చెలమ ఉందే. చిలుకగారు కనిపెట్టారు," అంది కాకి. మైనా కూడా అదే మాట అంది. ఇద్దరు చెప్పారు కదా అని ఉడుత కొండ దాటింది. అక్కడున్నది ఒట్టి ఇసుక.

తిరిగొచ్చి చిలుకనడిగింది. "మీరు చూశారా?"

"నేను చూడ్డమేంటే? కాకి చెప్పింది."

"నాకు మైనా చెప్పింది," అంది కాకి.

"అయ్యో, నేను చిలుకగారి దగ్గరే విన్నాను!" అంది మైనా.

ఉడుత ఈసారి అందరి కాళ్ళూ చూసింది. అటుగా పోతున్న పంది కాళ్ళకి తడి బురద ఉంది. అది వచ్చిన జాడ పట్టుకుపోయి, చెలమ కనిపెట్టి పిల్లలకు నీళ్ళు తాగించింది.

సాయంత్రానికి కాకి ఊదరగొడుతోంది: "కొత్త చెలమ! చిలుకగారే కనిపెట్టారు!"